మారథాన్ అయిన కొద్ది వారాలకే కొండల్లో అల్ట్రా: పరిగెత్తాలా, దూరం తగ్గించుకోవాలా, మానుకోవాలా?

ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయి, వాయుగుండాల భయం తగ్గాకే నెల్లూరు, ఒంగోలు రన్నర్లకి అసలు సీజన్ మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ ఆదివారం వాన పడుతుందో తెలియదు, లాంగ్ రన్‌లన్నీ అటూ ఇటూ అవుతాయి. జనవరిలో చెన్నై, ముంబై మారథాన్లు ఉంటాయి. ఆ తర్వాత ఎండలు ముదిరేలోపే ట్రైల్ రేసు (కొండలు, అడవుల దారుల్లో జరిగే పరుగు) కూడా చూసేయాలని అందరికీ ఉంటుంది. దాంతో మారథాన్‌కీ, కొండల్లో 50 కిలోమీటర్ల అల్ట్రాకీ (మారథాన్ కంటే పొడవైన పరుగుకీ) మధ్య రెండు వారాలో నాలుగు వారాలో మిగులుతాయి. ఎంట్రీ ఫీజు కట్టేసి ఉంటారు, రైలు టికెట్లు తీసుకుని ఉంటారు. గుంపులో మిగతావాళ్లంతా వస్తున్నారు. "అన్నా, కాళ్లు బాగానే ఉండాయి, పోదామా?" అని ఫోన్లు మొదలవుతాయి.

ఆ ఫోన్‌కి ఏం జవాబు చెప్పాలో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మారథాన్‌ని పూర్తి వేగంతో పరిగెత్తి, మధ్యలో మూడు వారాలు లేదా అంతకంటే తక్కువ ఉంటే అదే ఈవెంట్‌లో చిన్న దూరానికి మారండి. నాలుగైదు వారాలుంటే మొత్తం దూరం వెళ్లొచ్చు, కానీ కటాఫ్ (నిర్వాహకులు పెట్టిన గరిష్ఠ గడువు) లోపల చేరడమే లక్ష్యంగా పెట్టుకోవాలి. ఆరు వారాలు దాటితేనే టైం గురించి ఆలోచించండి. మారథాన్ ఇంకా జరగకపోతే వీటన్నిటికంటే మంచి దారి ఇంకొకటుంది, అది కాస్త ఆగి చెప్తాను. అయితే వారాల లెక్క సగం సంగతే. కొండ దిగేటప్పుడు మీ తొడలు ఎంతవరకు తట్టుకుంటాయన్నది మిగతా సగం. ఎక్కువమంది అసలు చూసుకోనిది అదే.

కాళ్లు బాగానే ఉన్నాయనిపిస్తుంది

మారథాన్ తర్వాత ఒళ్లంతా ఒకే వేగంతో కోలుకోదు. ఆయాసం, నీరసం రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. కండరాల్లో ఖర్చయిపోయిన గ్లైకోజెన్ (నిల్వ ఉన్న పిండిపదార్థం), కడుపు నిండా అన్నం తిని నిద్రపోతే కొద్ది రోజుల్లోనే చాలావరకు నిండుతుంది. తొడల నొప్పి రెండో రోజో మూడో రోజో ముదిరి, వారం తిరిగేసరికి పోతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. నొప్పి పోయింది కాబట్టి కండరం బాగైపోయిందని అనుకుంటాం. నిజానికి కండరం లోపల జరిగిన సన్నని చిరుగులు మానడానికి ఇంకా టైం పడుతుంది. దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి వచ్చే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ మామూలు స్థాయికి దిగడానికి వారం పడుతుంది, కొందరికి అంతకంటే ఎక్కువ. మడమ వెనక ఉండే అకిలీస్ లాంటి టెండాన్లు (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీలు), ఎముకలు మరీ నిదానం. అవి పైకి ఏమీ చెప్పవు.

మైలుకి ఒక రోజు చొప్పున విశ్రాంతి కావాలని పాత రన్నర్లు చెప్పే లెక్క ఒకటుంది. మారథాన్ 26 మైళ్లు కాబట్టి 26 రోజులు. ఆ 26 రోజులూ మంచం మీద పడుకోమని కాదు, అన్ని రోజులు గట్టి పరుగు జోలికి పోవద్దని. ఇది శాస్త్రం కాదు, అనుభవంతో కట్టిన లెక్క. కానీ ఇన్నేళ్లుగా నిలబడిందంటే అందులో ఎంతో కొంత నిజం ఉన్నట్టే.

ఇక దిగుడు సంగతి. కొండ ఎక్కేటప్పుడు పిక్కలు, పిరుదులు, గుండె పనిచేస్తాయి. అలసిపోతే నడవొచ్చు, ఆగొచ్చు. దిగేటప్పుడు మాత్రం తొడ ముందు కండరాలు సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి. లోడు లారీ ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకులు కాలినట్టు, ప్రతి అడుగుకీ అవి కాలుతుంటాయి. కండరాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ రకం పనే. మారథాన్ చివరి పది కిలోమీటర్లలో హూనమైంది కూడా ఇవే తొడలు. పైగా నడిచినా దిగుడు తప్పదు. నెమ్మదిగా దిగితే దెబ్బ తగ్గుతుంది, కానీ పోదు.

ఇందులో ఒక మంచి విషయం కూడా ఉంది. దిగుడు అలవాటైన కాళ్లు తర్వాతిసారి అంతగా దెబ్బతినవు. ఆ రక్షణ కొన్ని వారాల పాటు ఉంటుంది. అందుకే విశాఖలో రోజూ కొండ రోడ్ల మీద పరిగెత్తేవాళ్లో, పుణె దగ్గర సహ్యాద్రిలో తిరిగేవాళ్లో మూడు వారాల తేడాతో రెండు రేసులు చేసి నవ్వుతూ ఫొటోలు పెట్టగలుగుతారు. మన పరిస్థితి వేరు. మైపాడు రోడ్డు చదును, ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం చదును, ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా చదును. ఫ్లైఓవర్ ఎక్కి దిగడమే మనకి హిల్ ట్రైనింగ్. వాళ్లు చేశారు కదా అని మనం చేయబోతే ఆ కొలత మనకి సరిపోదు.

ఇసుకలో పరిగెడితే కొండకి ట్రైనింగ్ అయిపోతుందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. మైపాడు తీరంలోనో పెన్నా ఇసుకలోనో పరుగు మంచి వ్యాయామమే, కాదనను. కానీ అది పిక్కల్నీ అకిలీస్‌నీ గట్టి చేస్తుంది, తొడలకి దిగుడు నేర్పదు. అందులోనూ మారథాన్ అయిన రెండు వారాల్లో మెత్తటి ఇసుకలోకి దిగితే, ఇంకా కోలుకోని అకిలీస్ మీదే భారం పడుతుంది. ఆ రోజుల్లో తీరానికి వెళ్లినా, తడిసి గట్టిపడిన ఇసుక మీద నడకతో సరిపెట్టుకోండి.

50 అంటే 50 కాదు

ఏ దారి ఎంచుకోవాలో తేల్చే ముందు కాగితం, పెన్ను తీసుకుని చిన్న లెక్క వేయండి. అంతర్జాతీయ ట్రైల్ రన్నింగ్ అసోసియేషన్ వాడే పద్ధతి ఇది. రేసు మొత్తం దూరానికి, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకి ఒక కిలోమీటరు చొప్పున కలపాలి. 50 కిలోమీటర్ల రేసులో మొత్తం ఎక్కుడు 1,800 మీటర్లు ఉందనుకోండి. 50కి 18 కలిపితే 68. చదును మారథాన్ 42 దగ్గర అయిపోతుంది, ఇది దానికి ఒకటిన్నర రెట్లు దాటింది.

ఇప్పుడు కటాఫ్ చూడండి. 12 గంటలు ఇచ్చారనుకుందాం. నీళ్లు నింపుకోవడం, తినడం, బూటులో రాయి దులుపుకోవడం, అన్నీ కలిపి 40 నిమిషాలు పోతాయి. మిగిలిన టైంలో 68 పూర్తి కావాలంటే గంటకి 6 కిలోమీటర్లు పడాలి. చదును రోడ్డు మీద చేతులూపుకుంటూ గట్టిగా నడిస్తే వచ్చే వేగం అది. దానికి సమానమైన శ్రమని పదకొండు గంటల పైన, రాళ్లలో, మధ్యాహ్నం ఎండలో, కోలుకోని కాళ్లతో నిలబెట్టాలి. "నడుచుకుంటూ పోదాంలే" అనుకునేవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. నడకతో మొత్తం దూరం పూర్తి చేయడమనే దారి కొన్ని రేసుల్లో ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. అది కటాఫ్ చేతిలో ఉంది, మన పట్టుదల చేతిలో లేదు.

అదే ఈవెంట్‌లో 25 కిలోమీటర్ల దూరం కూడా ఉండి, దాని ఎక్కుడు 900 మీటర్లయితే లెక్క 34కి వస్తుంది. ఈ లెక్క ప్రకారం మారథాన్ కంటే తక్కువ. కొండ అదే, అడవి అదే, తెల్లవారుజామున తలలైటు వెలుగులో బయల్దేరడమూ అదే.

ఒక్కో దారి గురించి

మొత్తం దూరాన్ని రేసులాగే పరిగెత్తడం. అసాధ్యమని అనను. అమెరికా రన్నర్ కోర్ట్నీ డావాల్టర్ 2023లో జూన్ 24న వెస్టర్న్ స్టేట్స్, జూలై 14న హార్డ్‌రాక్, సెప్టెంబరు 1న యూరప్‌లోని ఆల్ప్స్‌లో యూటీఎంబీ, ఈ మూడు కొండ రేసుల్నీ మహిళల్లో గెలిచింది. మూడూ దాదాపు 100 మైళ్లవే. మొదటి రెండిటిలో మహిళల కోర్సు రికార్డులు బద్దలుకొట్టింది కూడా. మన గ్రూపుల్లో ఈ ఉదాహరణ చెప్పేవాళ్లు సగం దగ్గరే ఆపేస్తారు. ఆమె 2021లో యూటీఎంబీని 22 గంటల 30 నిమిషాల్లో ముగించింది. 2023లో, రెండు పెద్ద రేసుల తర్వాత, అదే రేసుకి 23 గంటల 29 నిమిషాలు పట్టింది. ప్రపంచంలోనే ముందువరసలో ఉన్న ఆమెకే దాదాపు గంట తేడా. అదీ రెండో రేసుకీ మూడో రేసుకీ మధ్య ఏడు వారాలు ఉండగా. ఆమె ఏళ్ల తరబడి కొలరాడో కొండల్లో ఎక్కుతూ దిగుతూ బతికిన మనిషి. ఉదయం ఆఫీసుకి పోయి సాయంత్రం స్టేడియం చుట్టూ తిరిగే మనకి ఆ ఉదాహరణ ఉత్సాహం ఇవ్వొచ్చు గానీ, ప్లాన్ ఇవ్వదు. ఆరు వారాల లోపు ఈ దారి మన ప్రాంతపు రన్నర్లకి నేను చెప్పను.

మొత్తం దూరం, కటాఫ్ లోపల. నాలుగైదు వారాలుండి, పైన చెప్పిన లెక్కలో వేగం గంటకి ఐదున్నర లోపు వస్తూ, కింద చెప్పబోయే దిగుడు పరీక్ష దాటితే ఇది మంచి దారే. ఇందులో అందం ఉంది, కాదనలేం. మారథాన్ కోసం నెలల తరబడి కట్టుకున్న ఫిట్‌నెస్ మూడు నాలుగు వారాల్లో కరిగిపోదు. ఆ పునాది మీద నిదానంగా రోజంతా కొండల్లో ఉండొచ్చు. అయితే దీనికి ఒక క్రమశిక్షణ కావాలి. మొదటి ఎక్కుడు నుంచే నడవాలి. మొదటి దిగుడులో కాళ్లు వదిలేయకూడదు. పక్కవాళ్లు దూకుతూ పోతున్నా చిన్న అడుగులతో దిగాలి. మొదటి 15 కిలోమీటర్లలో బాగుందని వదిలిన దిగుడే 35 దగ్గర తొడల్ని పట్టేస్తుంది. ఆ నిగ్రహం తమకి లేదని తెలిసినవాళ్లు, పోటీ కనిపిస్తే ఆగలేనివాళ్లు, నిజాయతీగా పక్క దారి చూసుకోవడం మేలు.

ఇంకొక తేడా గుర్తుంచుకోండి. చెన్నై రోడ్ల మీద 30 దగ్గర కాలు పట్టేస్తే పక్కకి వచ్చి ఆటో ఎక్కొచ్చు. కొండల్లో ఆగాలన్నా నీళ్లు, తిండి, సాయం దొరికే ఎయిడ్ స్టేషన్ దాకా నడిచి తీరాలి. అది ఏడు కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు, అందులో సగం దిగుడే కావచ్చు. "మొదలుపెడదాం, కుదరకపోతే మధ్యలో ఆగుదాం" అనే మాట ట్రైల్‌లో అంత తేలిక కాదు.

చిన్న దూరానికి మారడం. మన రన్నర్లలో దీన్ని పరువు తక్కువగా చూసేవాళ్లు ఉన్నారు. నాకు అర్థం కాని విషయం అది. మా గుంపులో ఒంగోలు మిత్రుడొకరు మారథాన్‌లో తన బెస్ట్ టైం తెచ్చుకుని, మూడో వారంలో ఉన్న 50ని వదిలి 25కి మారారు. చివరి దిగుడులో ఆయన హాయిగా, అడుగు వెతుక్కుంటూ పరిగెత్తి వచ్చారు. అదే దిగుడులో 50 వాళ్లు కొందరు పక్కకి తిరిగి, పొదలు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతున్నారు. వారం తిరక్కముందే ఆయన మళ్లీ స్టేడియంలో కనిపించారు, వాళ్లలో ఇద్దరు నెల దాకా రాలేదు. ఒక్క జాగ్రత్త. దూరం మార్చుకోవడానికి నిర్వాహకులు ఒక గడువు పెడతారు, ఆ తర్వాత అడిగినా కుదరదు. మారథాన్ అయిన మర్నాడే ఆ తేదీ చూసి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఎక్కువ రేసుల్లో ఫీజు వెనక్కి రాదు. ఆ డబ్బు ఎలాగూ పోయింది కాబట్టి దాన్ని నిర్ణయంలోకి రానీయకండి. ఫిజియో దగ్గర రెండు నెలలు తిరిగితే అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ.

ఇక మారథాన్ ఇంకా జరగనివాళ్లకి. అసలు మనసు కొండ మీదే ఉంటే, మారథాన్‌నే ట్రైనింగ్ పరుగుగా మార్చేయండి. నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇదే. మీ మామూలు మారథాన్ వేగం కంటే కిలోమీటరుకి 45 సెకన్ల నుంచి నిమిషం దాకా తగ్గించి పరిగెత్తండి, ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా నడవండి, అల్ట్రాలో తినబోయేదే తిని చూసుకోండి. అలా చేస్తే కాళ్లు చాలా తక్కువ దెబ్బతింటాయి, మూడు వారాల గ్యాప్ నాలుగైదు వారాల గ్యాప్ అంత పనిచేస్తుంది. చెప్పినంత సులువు కాదని నాకూ తెలుసు. చివరి పది కిలోమీటర్లలో మీకంటే నెమ్మదైనవాళ్లు దాటిపోతుంటారు, ఇంట్లోవాళ్లు యాప్‌లో చూస్తుంటారు. అందుకే మీ టైం ఇంత ఆలస్యంగా వస్తుందని ఇంట్లో, గ్రూపులో ముందే చెప్పేయండి. సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

వాలంటీర్‌గా వెళ్లడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు గానీ, మొదటిసారి అల్ట్రాకి ఎంట్రీ తీసుకున్నవాళ్లకి ఇది గొప్ప చదువు. ఎయిడ్ స్టేషన్‌లో టేబుల్ వెనక నిలబడి, కోసిన నారింజ తొనలు, ఉప్పు, ఉడకబెట్టిన ఆలుగడ్డలు అందిస్తూ వచ్చేవాళ్ల కాళ్లే చూడండి. 40 దాటి వచ్చిన మనిషి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లేవడానికి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి మూడుసార్లు ప్రయత్నించడం చూస్తే, తొడలు అయిపోవడమంటే ఏమిటో ఏ వ్యాసమూ చెప్పలేనంత బాగా తెలుస్తుంది. పక్కనే, అదే టైంలో వచ్చి, నీళ్లు నింపుకుని, ఉప్పు నాక్కుని నిమిషంలో వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లు మొదటి నుంచీ ఎలా వచ్చారో అడిగి తెలుసుకోండి.

పూర్తిగా మానుకోవడం. కింది పరీక్షల్లో ఏదైనా తేడా కొడితే ఇదొక్కటే దారి. మధ్యలో జ్వరం వచ్చి తగ్గినా ఇదే.

నరసింహకొండ పరీక్ష

జొన్నవాడ దగ్గరి నరసింహకొండ నెల్లూరు వాళ్లకి దేవుడిచ్చిన పరీక్ష హాలు. మారథాన్ అయిన పది పన్నెండు రోజులకి ఒక ఉదయం అక్కడికి వెళ్లండి. నడుచుకుంటూ ఎక్కండి, ఎక్కేటప్పుడు ఎలా ఉందో పట్టించుకోనక్కర్లేదు. పైన దణ్ణం పెట్టుకుని, పది నిమిషాలు కూర్చుని, నిదానంగా పరుగుతో దిగండి. ఇలా రెండుసార్లు. దిగేటప్పుడు మోకాలి పైన, తొడ లోపలి వైపున వణుకు లాంటిది మొదలవుతుందేమో గమనించండి. పాదం టపటపమని చప్పుడు చేస్తూ పడుతుంటే తొడ బరువు ఆపలేకపోతోందని అర్థం. అసలు ఫలితం మర్నాడూ ఆ మర్నాడూ వస్తుంది. మూడో రోజు ఉదయం మెట్లు దిగుతూ రెయిలింగ్ కోసం చెయ్యి పోతే, మీ కాళ్లు ఇంకా మారథాన్‌లోనే ఉన్నట్టు. ఏమీ అనిపించకపోతే మొత్తం దూరం గురించి మాట్లాడుకోవచ్చు.

ఉదయగిరి దగ్గరివాళ్లకి దుర్గం ఉంది. సముద్రమట్టం నుంచి మూడు వేల అడుగుల పైన ఉన్న ఆ కొండ రాళ్ల దారి ట్రైల్ రేసుకి ఇంకా దగ్గరగా ఉంటుంది. కానీ కోలుకునే రోజుల్లో పరీక్షకి అది పెద్దది, దాన్ని రేసుకి నెలల ముందు ట్రైనింగ్‌కి దాచుకోండి. పెంచలకోన చుట్టూ ఉన్నది అభయారణ్యం, గిద్దలూరు వైపు నల్లమలలో పులులు తిరుగుతాయి. కొండలున్నాయి కదా అని అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పరుగు పెట్టకండి. ఒంగోలు వాళ్లకి దగ్గరలో కుదరకపోతే ఏ నాలుగైదంతస్తుల అపార్ట్‌మెంట్ మెట్లయినా చాలు. లిఫ్ట్‌లో పైకి వెళ్లి మెట్ల మీద దిగండి, ఇరవై నిమిషాలు.

దీనికి తోడు ఇంకో రెండు చూసుకోండి. ఒంటికాలి మీద పదిసార్లు గెంతితే మోకాలి కింద ముందరి ఎముకలోనో పాదంలోనో ఒక్క చోట, వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా నొప్పి వస్తే అది కండరం నొప్పి కాకపోవచ్చు. స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని పగులు) అనుమానంతో డాక్టర్‌కి చూపించాలి, అప్పటిదాకా పరుగు లేదు. రెండోది, పొద్దున్నే మంచం దిగకముందు నాడి. మీ మామూలు లెక్క కంటే రోజూ ఏడెనిమిది ఎక్కువ చూపిస్తూ, రాత్రి నిద్ర సరిగా పట్టకపోతుంటే ఒళ్లు ఇంకా కోలుకోలేదు. ఎక్కువ నెత్తురు పోయే నెలసరి ఉన్న ఆడవాళ్లు ఈ గ్యాప్‌లో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించుకుంటే మంచిది. మారథాన్ ట్రైనింగ్ తర్వాత ఐరన్ తగ్గి ఉండటం మామూలే, దాన్ని అలసటగా పొరబడుతుంటారు.

వెళ్లాలనే తేలితే

మధ్యలో ఉన్న వారాల్లో ఫిట్‌నెస్ పెంచుకోవడానికి ఏమీ మిగలదు. మొదటి వారం కోలుకోవడానికి, చివరి వారం విశ్రాంతికి పోతాయి. మధ్యలో మిగిలేది ఒకటో రెండో వారాలు. మొదటి వారం నడక, నిద్ర, తిండి, అంతే. రెండో వారం నుంచి మాటలాడుతూ పరిగెత్తగలిగే వేగంలో అరగంట, ముప్పావు గంట. ఒక్కసారి మాత్రం రేసులో వేసుకోబోయే బూట్లు, బ్యాగ్‌తో రెండు గంటల కొండ నడక. ఆ ఒక్క నడకలో బ్యాగ్ ఎక్కడ ఒరుసుకుంటుందో, సాక్స్ ఎక్కడ ముడతలు పడుతుందో తెలిసిపోతుంది.

కాలిగోళ్లు చూసుకోండి. మారథాన్‌లో బొటనవేలి గోరు నల్లబడి ఉంటే, దిగుడులో ఆ గోరే ప్రతి అడుగుకీ బూటు ముందు భాగానికి గుద్దుకుంటుంది. గోళ్లు రేసుకి మూడు నాలుగు రోజుల ముందే పొట్టిగా కత్తిరించుకోవాలి, ముందురోజు రాత్రి కాదు. రోడ్డు బూట్ల కంటే అర సైజు పెద్ద ట్రైల్ బూట్లు ఉంటే మేలు, కానీ కొత్తవి పెట్టెలోంచి తీసి నేరుగా రేసుకి వద్దు.

తిండి విషయంలో మన అలవాట్లు అక్కరకొస్తాయి. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. ఒక మాదిరి అరటిపండులో పాతిక గ్రాముల దాకా వస్తుంది. రెండు మూడు ఖర్జూరాలు, ఒక వేరుశనగ చిక్కీ, పలుచటి పెరుగన్నం, ఉప్పు వేసిన పొదలకూరు నిమ్మరసం, ఇవన్నీ రన్నర్లు వాడే ఎనర్జీ జెల్స్ పడనివాళ్లకి బాగా పనిచేస్తాయి. పెరుగన్నంలోకి ఒక్క ఊరమిరపకాయ నాలుక చచ్చిపోయిన మధ్యాహ్నం వేళ ప్రాణం లేపుతుంది. ముందురోజు రాత్రి మాత్రం ఎంత ఇష్టమున్నా చేపల పులుసు, కారం దోశ వద్దు. చింతపండు, కారం, నూనె మర్నాడు కొండ మీద కడుపులో తిరుగుతాయి. నీళ్లు దాహం వేసినప్పుడు తాగండి. గంటగంటకీ లీటర్లు లీటర్లు పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. మన తీరంలో చెమట ఎక్కువ కాబట్టి ఓఆర్ఎస్ రెండు మూడు ప్యాకెట్లు వెంట ఉంచుకోండి, ప్యాకెట్ మీద రాసిన కొలతలోనే కలపండి.

ప్రయాణం కూడా లెక్కలోకి తీసుకోండి. తమిళనాడులోని జవాదు కొండల వైపు రేసుకి వెళ్లాలంటే గూడూరు, రేణిగుంట, తిరుపతి మీదుగా కాట్పాడి చేరి, అక్కడి నుంచి మళ్లీ బండిలో కొండెక్కాలి. శుక్రవారం రాత్రి బయల్దేరి శనివారం రేసు మొదలుపెట్టేలా ప్లాన్ వేయకండి. కోలుకునే కాళ్లకి ముందు రెండు రాత్రుల నిద్రే అసలు మందు. కొండ మీద తెల్లవారుజామున మనకి అలవాటు లేని చలి ఉంటుంది, పలుచటి విండ్‌చీటర్ బ్యాగ్‌లో ఉండాల్సిందే. 2021 మే 22న చైనాలోని గాన్సు కొండల్లో 100 కిలోమీటర్ల రేసు మధ్యలో వాతావరణం ఒక్కసారి మారి 21 మంది చలికి చనిపోయారు. మన కొండలు అంత ఎత్తు కాదు, నిజమే. అయినా తప్పనిసరి సామాన్ల జాబితాలోంచి బరువు తగ్గుతుందని ఏదీ తీసేయకండి.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెప్పాలి. రేసులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు. గంటల తరబడి పరుగు, ఎండ, ఒంట్లో తగ్గిన నీరు, ఇవే కిడ్నీల మీద భారం. కండరాలు చిరిగి రక్తంలోకి వచ్చే పదార్థాన్ని వడకట్టాల్సిందీ అవే. ఆ మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మారథాన్ దెబ్బ ఇంకా పూర్తిగా మానని ఒంట్లో ఇవన్నీ కలిస్తే ప్రమాదం. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు రేసు రోజు వాటిని ఎలా వేసుకోవాలో తమ డాక్టర్‌ని ముందే అడగాలి.

రేసులో ఎప్పుడు ఆగాలో ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి, ఎందుకంటే 35 దాటాక బుర్ర సరిగా పనిచేయదు. ఎముక మీద ఒకే చోట నొప్పి వచ్చి, అడుగుకొకసారి పెరుగుతుంటే తర్వాతి ఎయిడ్ స్టేషన్‌లో ఆగాలి. దిగుడులో కాలు రెండుసార్లు మడతపడిపోతే, అంటే మోకాలు దానంతటదే వంగిపోతే, ఆగాలి. తిన్నదీ తాగిందీ గంటసేపు కడుపులో నిలవకపోయినా ఆగాలి. తలనొప్పితో పాటు వేళ్లు ఉబ్బి, ఉంగరం బిగుసుకుని, తికమకగా మాట్లాడుతుంటే ఇంకా నీళ్లు తాగించకుండా వైద్య సిబ్బందికి చూపించాలి, ఈ సంగతి మీతో వచ్చినవాళ్లకీ చెప్పి ఉంచండి. రేసు తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, పన్నెండు గంటల దాకా అసలు రాకపోయినా కండరాలు విపరీతంగా దెబ్బతిని కిడ్నీల మీదికి వచ్చిందేమోనని అనుమానించాలి. తిరుగు రైలు ఎక్కకుండా, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికే వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి.